నాన్నగారి జావా బండి

మా ఇంటి పెరటిలో కొబ్బరిచెట్టు ప్రక్కన ఒక రేకుల పాక ఉన్నది. కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్లు అందులో కట్టెలు ఉండేవి. గ్యాసు వచ్చిన తరువాత పాత సామానులు చేరినవి. కాలు విరిగిన కుర్చీ, అక్కయ్య హార్మోనియం పెట్టె, రెండు ఇత్తడి గంగాళాలు, వాటి వెనుక టార్పాలిను కప్పుకొని ఒక మోటారు సైకిలు. అది 1970లో మా నాన్నగారు కొన్న జావా. 1998లో దానిని అక్కడ నిలిపినది మొదలు, ఏటేటా ఆయుధపూజ నాడు టార్పాలిను తీసి, తుడిచి, కుంకుమబొట్టు పెట్టి, చక్రం క్రింద నిమ్మకాయ ఉంచి, మళ్లీ కప్పడమే దానికి జరిగే సేవ. "కదలని బండి కింద నిమ్మకాయ ఎట్లా నలుగుతుంది నాన్నా?" అని మా అబ్బాయి చిన్నతనంలో అడిగేవాడు. మా దగ్గర సమాధానం ఉండేది కాదు.

మాది మైసూరు. తాతగారి కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. నాన్నగారికి ఇప్పుడు ఎనభై రెండేండ్లు. మోకాళ్లు అరిగిపోయి, వీధి అరుగు వరకే ఆయన లోకమైనది. నిరుడు ఒకనాటి సాయంకాలం ఎవరో కుర్రవాడు పాత బండి ఒకటి వేసుకొని మా వీధిన పోయినాడు. నాన్నగారు ఆ శబ్దం మలుపు తిరిగేదాకా చెవి యొగ్గి విని, "మన బండి వెనక కూర్చుని ఒక్కసారి యాదవగిరి దాకా పోయి రావాలని ఉందిరా" అన్నారు. ఆయన తమ కొరకు ఏదైనా అడగడం మేము ఎరుగుదుము గనుక చెబుతున్నాము: అది చాలా అరుదు. ఆ రాత్రే బండి బాగు చేయాలని నిశ్చయించుకొన్నాము.

మేము ఆఫీసులో గుమాస్తాలము. మా చేతికి సిరా అంటినదే గాని గ్రీజు అంటినది కాదు. కనుక ఈ వ్యాసం మెకానిక్కులకు ఉపయోగించేది కాదు. ఇంట్లో ఇటువంటి పాత బండి ఒకటి పెట్టుకొని, అమ్మడానికి మనసొప్పక, నడపడానికి దారి తోచక ఉన్నవారికి మా అనుభవం పనికి వచ్చునేమో అని వ్రాస్తున్నాము.

మొదట బండి సంగతి. జావా అనగా ద్వీపం పేరనుకొనేవారు ఉన్నారు. అది కాదు. చెకోస్లొవేకియాలో జానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీ వారి మోటారు సైకిలు నమూనాను, హక్కులను తీసుకొని, తన పేరులోని 'జా'ను, వాండరర్‌లోని 'వా'ను కలిపి ఆ పేరు పెట్టాడు. మన మైసూరులో ఇరానీ కుటుంబం వారు ఐడియల్ జావా అనే కంపెనీ స్థాపించి, 1961లో యాదవగిరిలో కారఖానా నడపసాగారు. దానికి ప్రారంభోత్సవం చేసినవారు అప్పటి రాష్ట్ర గవర్నరు జయచామరాజ వడయారు గారు. 1973 నుండి ఆ కారఖానా బండ్లు యెజ్దీ అనే పేరుతో వచ్చినవి. 1996లో కారఖానా మూతపడింది. 2018లో వేరొక కంపెనీ వారు జావా పేరును తిరిగి బజారులోకి తెచ్చారు గాని, అవి ఫోర్-స్ట్రోకు బండ్లు; వాటి సామాను మన పాత బండికి పనికిరాదు. అయితే ఒక ఊరిలో ఒక కారఖానా ముప్ఫై అయిదేండ్లు నడిచిన తరువాత, దాని తలుపులు మూసినా ఆ పని తెలిసిన చేతులు వీధులలో మిగిలి ఉంటాయి. అటువంటి వృద్ధ మేస్త్రి ఒకరు మాకు దొరికారు. అది మా అదృష్టం.

బండిని పాక నుండి బయటికి ఈడ్చిన రోజుననే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినవి. కారఖానా నుండి వచ్చిన నాడు ఎట్లా ఉన్నదో అట్లాగే, మేకు పొల్లు పోకుండా తయారు చేయాలని మా పక్షం. మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. వాడి పక్షం వేరు. వెనుక మడ్గార్డు సగానికి కోసి, ఫ్రేము తోక తీసివేసి, ఒక సైలెన్సరు ఎత్తివేసి, వెడల్పు హ్యాండిలు పెట్టి, నల్లరంగు పూయాలట. "పాతది పాతగానే ఉంటే ఎవరు చూస్తారు నాన్నా?" అన్నాడు. "చూడడానికేనా బండి?" అన్నాము మేము. ఆ మాట అనేటప్పుడు మాకు తెలియదు, అది మాకూ తగులుతుందని.

బండిని విప్పడంలో మా గుమాస్తాతనం అక్కరకు వచ్చింది. ఒక కొత్త రిజిస్టరు తెరిచాము. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోను మీద ఫొటో తీశాము. బోల్టులు, వాషర్లు, స్ప్రింగులు ఏ చోటివి ఆ చోట కవర్లలో వేసి, కవరు మీద నంబరు వేసి, అదే నంబరు రిజిస్టరులో ఎక్కించాము. మొత్తం నూట ఇరవై మూడు కవర్లు. మా ఇంటావిడ వచ్చి చూసి, "ఆఫీసును ఇంటికి తెచ్చారా?" అన్నది. కాని నాలుగు నెలల తరువాత తిరిగి బిగించేటప్పుడు ఒక్క వాషరు కూడా మిగలలేదు, తక్కువ పడలేదు. ఈ పని మొదలుపెట్టే వారికి మేము ఇచ్చే మొదటి సలహా ఇదే: స్పానరు కొనక ముందు కవర్లు కొనండి.

మరి కొన్ని జాగ్రత్తలు మేస్త్రి గారు చెప్పినవి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును; ఆ ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. సైలెన్సరు లోపలి గొట్టాలకు పట్టిన మసిని కాస్టిక్ సోడాలో నానబెట్టి వదిలించవచ్చును గాని, అల్యూమినియం భాగాలను పొరబాటున కూడా అందులో వేయరాదు. అది వాటిని తినివేస్తుంది. పెట్రోలు టాంకికి చిల్లి పడితే, ఖాళీగా ఉన్నది గదా అని వెల్డింగుకు ఇవ్వరాదు. ఆవిరి మిగిలి ఉంటే పేలుతుంది. టైర్లకు గాడులు నిండుగా కనిపించినా, ఏండ్ల తరబడి నిలిచిన రబ్బరు బీటలు వారి ఉంటుంది, మార్చవలసినదే. మా బండికి 16 అంగుళాల చక్రాలు, 3.25 టైర్లు.

ఇక ఇంజను. 250 అని పిలిచే ఈ బండి ఇంజను నిజానికి 248.5 సి.సి. సిలిండరు అడ్డం 65 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం 75 మిల్లీమీటర్లు. సిలిండరు ఒకటే అయినా పొగగొట్టాలు రెండు. కిక్కరుకూ గేరుకూ ఎడమవైపున ఒకటే లివరు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, మళ్లీ ముందుకు తెస్తే గేరు. ఇరవై ఆరేండ్లకు పైగా నిలిచిన పిస్టను తుప్పుతో సిలిండరుకు అంటుకొని ఉన్నది. పైనుండి నూనె, కిరసనాయిలు కలిపి పోసి వారం రోజులు నానబెట్టిన మీదట కదిలింది. సిలిండరు గోడలు గుంటలు పడినందున రీబోరు చేయించి, దానికి సరిపడే పెద్ద పిస్టను వేయించాము.

మేస్త్రి గారు అంతటితో ఒప్పుకోలేదు. "కింది భాగమూ బిచ్చలే బేకు సార్" అన్నారు తెలుగూ కన్నడమూ కలిపి. అనగా క్రాంకు వైపు కూడా విప్పి, బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చాలని. తొమ్మిది వేల దాకా అవుతుందన్నారు. చేతితో త్రిప్పి చూస్తే క్రాంకు హాయిగా తిరుగుతున్నది. సీళ్లు కంటికి బాగానే ఉన్నవి. మాకు అప్పటికే రంగు మీదికి మనసు పోయి ఉన్నది. ఆ మెరూను రంగు, టాంకి ప్రక్కన ఆ దంతపు రంగు, సైలెన్సర్ల మీద క్రోమ్ పూత. వాటికి పద్నాలుగు వేలు అడిగారు. నెల జీతగాళ్లము, రెండూ ఒకేసారి కుదరవు. "కింది భాగం తరువాత చూద్దాము" అన్నాము. మేస్త్రి గారు మా వంక చూసి ఏమీ అనలేదు.

ఫ్రేమును రంగుకు పంపే ముందు మరొక చిక్కు వచ్చింది. ఎడమవైపు, వెనుక కూర్చొనేవారి కాలి దగ్గర, ఫ్రేముకు ఒక ఇనుప తునక వెల్డింగు చేసి, దానికి జానెడు పొడవు రేకు పీట ఒకటి బిగించి ఉన్నది. మొరటు పని. కారఖానాది కాదని చూస్తేనే తెలుస్తున్నది. అసలు రూపం కావాలన్న పట్టుదలతో మేము దానిని రాయించివేయడానికి గుర్తు పెట్టాము. మా అబ్బాయి అదే చోట ఫ్రేము తోక కోయడానికి సుద్దముక్కతో గీత గీశాడు. నాన్నగారు చేతికర్ర పట్టుకొని నెమ్మదిగా పెరటిలోకి వచ్చి, మా గుర్తునూ, వాడి గీతనూ చూశారు.

"అది తియ్యొద్దురా" అన్నారు.

"అది కంపెనీది కాదు నాన్నగారూ, ఎవరో వీధి వెల్డింగువాడు పెట్టినది" అన్నాము.

"ఎవరో కాదు. నేనే పెట్టించాను. డెబ్బై నాలుగులో నంజనగూడు నుంచి వస్తుంటే మీ అమ్మ చెప్పు జారింది. ఒక పక్కకు కూర్చుని ఉన్నది కదా, కాలు ఆ చిన్న గుబ్బ మీద నిలవలేదు. నా చొక్కా పట్టుకోబట్టి పడలేదు. మీ అక్క అప్పుడు కడుపులో ఉన్నది. మర్నాడు ఆఫీసుకు పోకుండా దీన్ని చేయించాను."

మా అమ్మ పోయి ఆరేండ్లయినది. ఆ పీట మీద పాదం పెట్టి ఆమె కూర్చోవడం మేము చిన్నతనంలో వందసార్లు చూసి ఉంటాము. టాంకి మీద కూర్చొని వెనక్కు తిరిగి చూసేవాళ్లము. కాని విప్పిన ఇనుములో అది మాకు కనిపించలేదు. మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా తన సుద్దగీతను అరచేతితో చెరిపివేశాడు. మేమూ మా గుర్తు చెరిపివేశాము.

ఆనాడు మాకు తోచినది ఇది. బండికి మార్పు చేయడం తప్పు కాదు. నాన్నగారు మా అబ్బాయి కంటె యాభై ఏండ్ల ముందే మార్పు చేశారు. అయితే ఆ మార్పు కూర్చొనే మనిషి కొరకు చేసినది. మా అబ్బాయి కోయదలచినది చూసేవారి కొరకు. అసలు రూపం పేరు పెట్టి మేము రాయించబోయినది కూడా, నిజం చెప్పవలసి వస్తే, చూసేవారి కొరకే.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా ఛాసీని, ఇంజనును యజమాని తన ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏండ్లు దాటిన బండ్లకు వింటేజి అనే ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది. దానికి బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండరాదు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. ఆ రిజిస్ట్రేషను ఉన్న బండిని ప్రదర్శనలు వగైరాలకు నడపవచ్చును గాని, నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. మా బండికి పాత రిజిస్ట్రేషను పుస్తకం ఉన్నందున మామూలు పద్ధతిలోనే పునరుద్ధరణకు పెట్టుకొన్నాము. ఫ్రేము మీద, ఇంజను మీద చెక్కిన నంబర్లకు కాగితం ఒత్తి పెన్సిలు రుద్ది అచ్చు తీస్తారు. కనుక రంగువానికి ముందే చెప్పండి, ఆ అంకెల మీద లప్పం నింపవద్దని. ఉప్పు కాగితంతో అతిగా రుద్దినా ముప్పే.

ఇక మా తప్పు వద్దకు వస్తున్నాము. కాగితాలు చక్కబడినవి. రంగు మెరిసింది. వీధివారు వచ్చి చూశారు. ఒక ఆదివారం ఉదయం నాన్నగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, మేము కొనిపెట్టిన హెల్మెట్టు ఒడిలో ఉంచుకొని అరుగు మీద కూర్చున్నారు. ముందు మేము, అబ్బాయి ఒకసారి కృష్ణరాజసాగరం రోడ్డున కొంత దూరం పోయి చూసి వచ్చి, తరువాత ఆయనను ఎక్కించుకొనాలని ఏర్పాటు. అయిదు కిలోమీటర్లు బండి పాట పాడినట్లు పోయింది. తరువాత హ్యాండిలు వదిలినా ఇంజను శబ్దం తగ్గడం మానింది. అది హెచ్చరిక అని మాకు తెలియదు. మరి రెండు ఫర్లాంగులు పోగానే కీచుమన్నది. ఇంజను పట్టేసింది, వెనుక చక్రం బిగుసుకొని బండి ప్రక్కకు ఈడ్చింది. క్లచ్చి నొక్కడం ఒక్కటి తోచింది గనుక చక్రం వదిలింది. మోచేయి గీసుకుపోయినది మాకు, మోకాలు అబ్బాయికి. రోడ్డు ఖాళీగా ఉండబట్టి అంతటితో పోయింది.

బండిని గూడ్సు ఆటోలో వేసుకొని ఇల్లు చేరేసరికి పదకొండున్నర. నాన్నగారు అదే చోట, హెల్మెట్టు ఒడిలో పెట్టుకొని ఉన్నారు. ఆయన అడిగినది ఒక్కటే: "మీకేం కాలేదు కదా?" ఆ వెనుక సీటు మీద ఆయన ఉండి ఉంటే అన్న ఆలోచన మమ్మల్ని చాలా రాత్రులు నిద్ర పోనివ్వలేదు.

మేస్త్రి గారు వచ్చి విప్పి చూపించారు. టూ-స్ట్రోకు ఇంజనులో పెట్రోలు, నూనె, గాలి కలిసిన మిశ్రమం మొదట పిస్టను క్రింద ఉన్న క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడ నొక్కుకొని, పిదప పైకి సిలిండరులోకి పోతుంది. కాబట్టి ఆ గదికి వేరే చోటి నుండి గాలి చొరరాదు. క్రాంకు షాఫ్టు రెండు ప్రక్కల ఉండే ఆయిల్ సీళ్లే ఆ గదికి కాపలా. రబ్బరు ఏండ్ల తరబడి ఎండి బిరుసెక్కితే కంటికి బాగానే కనిపిస్తుంది. వేడి తగలగానే వదులవుతుంది. బయటి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. దానితో వచ్చే నూనె కూడా తగ్గుతుంది. ఇంజను మండిపోయి పిస్టను ఉబ్బి పట్టేస్తుంది. మాకు జరిగినది అదే. కొన్ని వందల రూపాయల సీళ్లు మిగిల్చి, పద్నాలుగు వేల రంగు పూయించాము. కొత్త పిస్టను, మళ్లీ రీబోరు, దానితోపాటు మొదట చేయించవలసిన క్రాంకు, బేరింగులు, సీళ్లు. అన్నీ కలిపి ఆఫీసు సొసైటీలో అప్పు పెట్టవలసి వచ్చింది.

కనుక మా రెండవ సలహా: బ్రేకులు, టైర్లు, సీళ్లు, వైర్లు ముందు. రంగు అన్నింటికంటె చివర. ఇంకొక మాట. ఈ రోజులలో పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. అది పాతకాలపు రబ్బరును చెడగొడుతుంది, నీటిని పీల్చి టాంకిలో తుప్పు పుట్టిస్తుంది. కొత్త గొట్టాలు, కొత్త వాషర్లు వేయించుకొని, బండి వారాల తరబడి నిలిచేటట్లుంటే టాంకి ఖాళీ చేసి పెట్టడం మంచిది. నూనె మేము కొత్త పిస్టను అలవాటు పడేవరకు అయిదు లీటర్లకు పావు లీటరు, తరువాత రెండు వందల మిల్లీలీటర్లు కలుపుతున్నాము.

ఈ రెండవసారి పని సాగిన రెండు నెలలలో మా అబ్బాయి తన మార్పు తాను చేశాడు. తాతగారి మోకాళ్లు వంగవు. కాలు ఎత్తి అటూ ఇటూ వేసి కూర్చోలేరు. ఒక పక్కకే కూర్చోవాలి. దానికి పట్టుకొనే ఆధారం కావాలి. వాడు కాలేజీ వర్క్‌షాపులో గొట్టం వంచి, వీపుకు ఆనేటట్లు, చేతికి అందేటట్లు ఒక కమ్మీ తయారు చేసి, ఫ్రేముకు ముందే ఉన్న రంధ్రాలలోనే నాలుగు బోల్టులతో బిగించాడు. ఎక్కడా కోయలేదు, వెల్డింగు చేయలేదు. "కావాలంటే పావుగంటలో తీసెయ్యొచ్చు నాన్నా" అన్నాడు. మేము రిజిస్టరులో నూట ఇరవై నాలుగవ నంబరు వేసి దానినీ ఎక్కించాము.

రెండు వందల కిలోమీటర్లు మేము ఒక్కరమే నడిపి చూసుకొన్న తరువాత గాని నాన్నగారిని ఎక్కించలేదు. ఒక ఉదయం, వీధులు ఖాళీగా ఉన్న వేళ, అబ్బాయి ఆయనను పట్టుకొని ఎడమవైపున కూర్చోబెట్టాడు. "మగవాడిని, ఇట్లా ఒక పక్కకు కూర్చోవడమేమిట్రా" అని సిగ్గుపడ్డారు. తరువాత చూసుకొని, చూసుకొని, పాదం ఆ రేకు పీట మీద పెట్టారు. సరిగ్గా సరిపోయింది. మా ఇంటావిడ గుమ్మం లోపలికి వెళ్లిపోయింది.

సైకిలు వేగాన యాదవగిరి దాకా పోయి, ఒకప్పుడు కారఖానా సైరను వినిపించిన ఆ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాము. దారి పొడుగునా నాన్నగారు ఒక్క మాటా అనలేదు. ఇంటి ముందు దిగి, హెల్మెట్టు తీసి, "చైను కొంచెం వదులుగా ఉంది. చూసుకో" అన్నారు. చూశాము. నిజమే.

ఆయుధపూజ నాడు నిమ్మకాయ నలిగింది.